సెక్యూర్ బూట్ తీసేయమనట్లేదు, నా కీకి కాస్త చోటివ్వమంటున్నా

కంప్యూటర్లు, మదర్‌బోర్డులు తయారుచేసే కంపెనీలకు, వాటికి ఫర్మ్‌వేర్ (ఆన్ చేయగానే అన్నిటికంటే ముందు నడిచే ప్రోగ్రామ్) రాసే ఇంజినీర్లకు,

నమస్కారం. ముందే ఒక మాట చెప్పేస్తాను, లేకపోతే "మళ్ళీ ఇంకొకడు వచ్చాడు సెక్యూర్ బూట్ వద్దంటూ" అని మొదటి పేరాలోనే పక్కన పడేస్తారు. నేను వద్దనట్లేదు. నమ్మిన కీతో సంతకం చేసిన సాఫ్ట్‌వేర్‌నే బూట్ అవ్వనిచ్చే ఏర్పాటే సెక్యూర్ బూట్. నా మెషీన్లో సెక్యూర్ బూట్ ఆన్‌లోనే ఉండాలి, దాంతోపాటు నేను సొంతంగా కంపైల్ చేసుకున్న లినక్స్ కెర్నల్ (ఓఎస్‌కి గుండెకాయ) కూడా బూట్ అవ్వాలి. ఈ రెండూ కలిసి ఉండడానికి కావలసిందంతా, ఫర్మ్‌వేర్ ఎలా ఉండాలో చెప్పే యూఈఎఫ్‌ఐ స్పెసిఫికేషన్‌లో ఎప్పటి నుంచో ఉంది. దేవుడు వరమిచ్చినా పూజారి ఒప్పుకోనట్టు, స్పెసిఫికేషన్ ఇచ్చినదాన్ని మీ సెటప్ మెనూలు ఇవ్వట్లేదు. నా గోడంతా అదే.

ఈ మధ్య జరిగింది చెప్తాను. నా ల్యాప్‌టాప్ నిద్రలోంచి లేచాక టచ్‌ప్యాడ్ పని చేయడం మానేస్తోంది. దానికి ఎవరో పుణ్యాత్ములు ప్యాచ్ రాశారు, పట్టుమని పన్నెండు లైన్లు కూడా లేవు, కానీ అది నా డిస్ట్రో (నేను వాడే లినక్స్ రకం) కెర్నల్‌లోకి రావాలంటే ఇంకా చాలా టైమ్ పట్టేలా ఉంది. సరే మనమే కట్టుకుందాం అని సోర్స్ దించి, ప్యాచ్ వేసి, నడుస్తున్న కెర్నల్ కాన్ఫిగ్‌నే కాపీ చేసుకుని, మేక్ కొట్టి పడుకున్నాను. పొద్దున్నే రీబూట్ చేస్తే నల్లటి తెర మీద రెండే రెండు లైన్లు. ఒకటి "బ్యాడ్ షిమ్ సిగ్నేచర్" (షిమ్ అంటే లినక్స్ కంటే ముందు నడిచి సంతకాలు చూసే చిన్న ప్రోగ్రామ్). దాని కింద "యూ నీడ్ టు లోడ్ ద కెర్నల్ ఫస్ట్". కెర్నల్‌ని ఆపింది గ్రబ్ అనే బూట్‌లోడర్ (ఓఎస్‌ని లేపే ప్రోగ్రామ్) తనే, ముందు కెర్నల్ లోడ్ చెయ్యి నాయనా అని నాకు చెప్పేదీ తనే.

సంతకం లేదు కాబట్టి తిరగ్గొట్టింది, అంతవరకు న్యాయమే. నా దగ్గర ఒక మోక్ కీ అప్పటికే ఉంది. మోక్ అంటే మెషీన్ ఓనర్ కీ, పేరులోనే ఓనర్ ఉన్నాడు. ఎప్పుడో వైఫై డ్రైవర్‌ని, మన మెషీన్లోనే డ్రైవర్లు కట్టే డీకేఎంఎస్ టూల్‌తో పెట్టుకున్నప్పుడు డిస్ట్రోనే దాన్ని తయారుచేసి నాతో నమోదు చేయించింది. దాంతోనే ఎస్‌బీసైన్ అనే టూల్‌తో కెర్నల్‌కి సంతకం కొట్టాను, ఎస్‌బీవెరిఫైతో సరిచూస్తే "సిగ్నేచర్ వెరిఫికేషన్ ఓకే" అంది, హమ్మయ్య అనుకుని రీబూట్ చేశాను. మళ్ళీ అవే రెండు లైన్లు. గంటన్నర జుట్టు పీక్కున్నాక ఆ కీ సర్టిఫికెట్‌ని ఓపెన్‌ఎస్ఎస్ఎల్ టూల్‌తో విప్పి చూస్తే, ఎక్స్‌టెండెడ్ కీ యూసేజ్ అనే చోట 1.3.6.1.4.1.2312.16.1.2 అని ఒక నంబరు కనిపించింది. ఈ కీ మాడ్యూళ్ళ (డ్రైవర్ల లాంటి కెర్నల్ విడిభాగాల) వరకే, కెర్నల్ మీద సంతకానికి పనికిరాదు అని దానర్థం. షిమ్ ఆ నంబరు చూసి కెర్నల్‌ని లోపలికి రానివ్వదు. నిజానికి అది మంచి ఏర్పాటే, ఎందుకంటే ఆ కీ పాస్‌వర్డ్ కూడా లేకుండా డిస్క్ మీదే పడి ఉంటుంది. కానీ "నీ కీ మాడ్యూళ్ళకు మాత్రమే" అని ఒక్క ముక్క తెర మీద రాస్తే దాని సొమ్మేం పోయింది?

ఇంకో కీ తయారుచేశాను. మోక్ కీలు నమోదు చేసే మోక్‌యుటిల్‌తో ఇంపోర్ట్ చేసి, ఒక పాస్‌వర్డ్ పెట్టి, రీబూట్. నీలం తెర వచ్చి "ఏదైనా కీ నొక్కు" అని పది సెకన్ల కౌంట్‌డౌన్ మొదలెడుతుంది. నేను ఆ టైమ్‌కి ఫోన్లో సర్టిఫికెట్ల గురించి చదువుతున్నాను. తలెత్తేసరికి లాగిన్ తెర! మళ్ళీ మొదటి నుంచి. రెండోసారి కళ్ళార్పకుండా కూర్చుని ఎన్‌రోల్ చేశాను. అంతే, టచ్‌ప్యాడ్ పని చేసింది, సెక్యూర్ బూట్ ఆన్‌లోనే ఉంది, సిస్టమ్‌లో ఇంకేమీ మారలేదు. పన్నెండు లైన్లు లేని ప్యాచ్‌కి ఒకటిన్నర రోజు.

ఇవన్నీ లినక్స్ వాళ్ళ తలనొప్పులు కదా, మాకెందుకు రాస్తున్నావు అంటారేమో. అక్కడికే వస్తున్నాను. ఈ షిమ్, ఈ మోక్, ఈ నీలం తెర, ఇవన్నీ పుట్టిందే మీ మెనూల్ని నమ్ముకోలేక.

2012లో విండోస్ 8తో వచ్చిన కంప్యూటర్లన్నీ సెక్యూర్ బూట్ ఆన్‌లో పెట్టి అమ్మాలన్నారు. దాదాపు ప్రతి మెషీన్లోనూ మైక్రోసాఫ్ట్ కీలు ఉన్నాయి, లినక్స్ డిస్ట్రోల కీలు మాత్రం చాలావాటిలో లేవు. ప్రపంచంలోని అన్ని బోర్డుల్లోకీ తమ కీ ఎక్కించమని ప్రతి డిస్ట్రో మీ అందరి చుట్టూ తిరగలేదు. యూజర్‌తో ఎక్కించుకొమ్మందామంటే, ఏ బోర్డులో ఆ మెనూ ఎక్కడుంటుందో ఎవరికీ తెలియదు. అందుకని ఒక బుల్లి లోడర్ రాసి, దాని మీద మాత్రం, మైక్రోసాఫ్ట్ బయటివాళ్ళ సాఫ్ట్‌వేర్ కోసం ఉంచిన థర్డ్ పార్టీ కీతో సంతకం చేయించుకుని, మిగతా నమ్మకాల లెక్కంతా దాని లోపల పెట్టుకున్నారు. షిమ్ అనే మాటకి అర్థమే సందులో దోపే పల్చటి చెక్కముక్క. ఆ సందు మీ మెనూల్లోది. పద్నాలుగేళ్ళు కావస్తోంది, ఇంకా ఆ చెక్కముక్క మీదే బండి నడుస్తోంది.

అసలు దారి వేరే ఉంది, అదీ మీ చేతిలోనే ఉంది. అన్నిటికీ పైన ప్లాట్‌ఫామ్ కీ, దాని కింద జాబితాల్ని మార్చే హక్కునిచ్చే కేఈకే, దాని కింద అనుమతించిన సర్టిఫికెట్ల జాబితా డీబీ, నిషేధించినవాటి జాబితా డీబీఎక్స్. నా సర్టిఫికెట్ ఒక్కటి ఆ డీబీలో చేరితే చాలు. కెర్నల్‌ని, బూట్ మొదట్లో వాడే ఫైళ్ళ మూట ఇనిట్‌ఆర్‌డీని, కెర్నల్‌కి ఇచ్చే కమాండ్ లైన్‌ని ఒకే ఫైలుగా కట్టి సంతకం చేసుకుంటే ఫర్మ్‌వేర్ నేరుగా దాన్నే బూట్ చేస్తుంది, మధ్యలో షిమ్ అక్కర్లేదు, గ్రబ్ అక్కర్లేదు. పైగా మామూలు పద్ధతిలో కెర్నల్‌కి సంతకం ఉంటుంది కానీ చాలా డిస్ట్రోల్లో ఇనిట్‌ఆర్‌డీకి ఉండదు, అంటే ముందు తలుపుకి పెద్ద తాళం వేసి పెరటి తలుపు గడియ కూడా పెట్టనట్టు. నేనడిగే పద్ధతిలో ఆ లోటు కూడా తీరుతుంది.

మరి ఆ ఒక్క సర్టిఫికెట్ చేర్చడానికి మీ మెనూల్లో నేను పడ్డ పాట్లు చూడండి. నేను ఇప్పటిదాకా మూడు మెషీన్ల మీద ప్రయత్నించాను, పేర్లెందుకులెండి. మొదటిదాంట్లో అడ్మిన్ పాస్‌వర్డ్ పెట్టేదాకా కీల మెనూ మొత్తం బూడిద రంగులో ఉంటుంది, పాస్‌వర్డ్ పెట్టాలని మాత్రం ఎక్కడా రాసి ఉండదు. రెండోదాంట్లో సెక్యూర్ బూట్ ఆన్, ఆఫ్ అనే మాటలే లేవు, దాని బదులు "ఓఎస్ టైప్" అని ఉంటుంది, అందులో "అదర్ ఓఎస్" ఎంచుకుంటే సెక్యూర్ బూట్ ఆఫ్ అయినట్టట. ఇంకో ఓఎస్ వాడేవాళ్ళకి భద్రత అక్కర్లేదని మీరెప్పుడు తీర్మానించారు? మూడోదాంట్లో "అన్ని కీలూ చెరిపేయి" ఉంది, "ఫ్యాక్టరీ కీలు మళ్ళీ పెట్టు" ఉంది. ఒక కీ చేర్చు అనేది లేదు. ఉంటే అన్నీ, లేకపోతే ఏదీ లేదు.

"అన్ని కీలూ చెరిపేయి" ఎంత ప్రమాదమో నాకంటే మీకే బాగా తెలుసు. గ్రాఫిక్స్ కార్డు మీద ఉండే ఆప్షన్ రోమ్ అనే కోడ్‌కి కూడా సంతకం ఉంటుంది, అది సాధారణంగా మైక్రోసాఫ్ట్ థర్డ్ పార్టీ కీతోనే. పాత కీలన్నీ తీసేసి నా కీ ఒక్కటే పెట్టుకున్నాననుకోండి, ఆ కార్డులోని కోడ్‌ని ఫర్మ్‌వేర్ నడపనివ్వదు, తెర వెలగదు, తెర వెలగకపోతే సెటప్‌లోకి వెళ్ళి తప్పు దిద్దుకునే దారి కూడా ఉండదు. ఇలా బోర్డులు పోగొట్టుకున్నవాళ్ళు ఉన్నారు. అందుకే సొంత కీలు పెట్టుకోవడానికి ఎస్‌బీసీటీఎల్ లాంటి టూల్ వాడేవాళ్ళకి అందరూ మొదట చెప్పే జాగ్రత్త, మైక్రోసాఫ్ట్ కీలు కూడా ఉంచుకోండి అని. ఒక బటన్ నొక్కితే మెషీన్ ఇటుకరాయి అయ్యే అవకాశం ఉన్నప్పుడు, ఆ బటన్ పక్కన ఒక హెచ్చరిక రాయడానికి మీకు చేతులు రావట్లేదు, లోగో మాత్రం మూడు రకాల యానిమేషన్లతో పెడతారు.

ఇంత గొడవెందుకు, సెక్యూర్ బూట్ ఆఫ్ చేసుకో అంటారు అందరూ. మీ సపోర్ట్ వాళ్ళు కూడా నాకు అదే చెప్పారు, రెండే రెండు లైన్లలో. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోమన్నట్టుంది. బ్లాక్‌లోటస్ లాంటి బూట్‌కిట్లు (ఓఎస్ కంటే ముందే నడిచే వైరస్‌లు) 2023లో బయటపడ్డాయి, అది కట్టుకథ కాదు. నా కెర్నల్ నడవడం కోసం కనబడ్డ ప్రతి బూట్‌లోడర్‌నీ నడవనివ్వాలా? దానికి తోడు, అదే డిస్క్ మీద విండోస్ కూడా ఉండి, డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే, సెక్యూర్ బూట్ ఆఫ్ చేసిన మరుక్షణం 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది ఎక్కడ దాచామో గుర్తు లేనివాళ్ళ టెన్షన్ చూడాలి. ఇప్పుడైతే కొన్ని ఆన్‌లైన్ గేములు కూడా సెక్యూర్ బూట్ ఆన్‌లో లేకపోతే అసలు తెరుచుకోవట్లేదు. ఒకే మెషీన్ మీద పొద్దున డ్రైవర్ రాసి సాయంత్రం గేమ్ ఆడుకునేవాడు రోజుకి రెండుసార్లు సెటప్‌లోకి వెళ్ళి ఆ స్విచ్ తిప్పుతూ కూర్చోవాలన్నమాట.

ఆ స్విచ్ కూడా ఎన్నాళ్ళుంటుందో చెప్పలేం. విండోస్ 8 నాటి నిబంధనల్లో మామూలు పీసీల మీద యూజర్ దాన్ని ఆపుకునే వీలు, సొంత కీలు పెట్టుకునే వీలు తప్పనిసరిగా ఉండాలని రాశారు, ఆర్మ్ ప్రాసెసర్ ఉన్న మెషీన్ల మీద మాత్రం ఆపే వీలు ఉండకూడదన్నారు. 2015లో విండోస్ 10 వచ్చేసరికి ఆఫ్ స్విచ్ ఇవ్వడం, ఇవ్వకపోవడం మీ ఇష్టానికి వదిలేశారు. అప్పటి నుంచి అది మీ దయ. ఆ మధ్య నుంచి కొన్ని ల్యాప్‌టాప్‌లలో థర్డ్ పార్టీ కీని కూడా మొదటి నుంచే ఆపేసి అమ్ముతున్నారు, అంటే సంతకం ఉన్న డిస్ట్రో కూడా సెటప్‌లోకి వెళ్ళి ఒక టిక్ పెడితేగాని బూట్ అవ్వదు. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు.

సొంత కెర్నల్ ఎవరు కట్టుకుంటారు, నూటికో కోటికో ఒక్కరు అని మీరు అనుకుంటూ ఉండొచ్చు. మీరు అమ్మే హార్డ్‌వేర్‌కి లినక్స్ డ్రైవర్లు రాసేవాళ్ళు ఆ ఒక్కరే. పాత వెర్షన్‌లో పని చేసింది కొత్త వెర్షన్‌లో చెడిపోతే, ఏ మార్పు వల్ల చెడిందో గిట్ బైసెక్ట్‌తో వెతికేది కూడా వాళ్ళే. రెండు విడుదలల మధ్య పది పదిహేను వేల మార్పులుంటాయి, సగం సగం కోసుకుంటూ పోతే పద్నాలుగు బిల్డుల్లో దొంగ దొరుకుతాడు, ప్రతి బిల్డుకీ సంతకం, ప్రతి బిల్డుకీ రీబూట్. ఆడియో పనివాళ్ళూ ఫ్యాక్టరీ యంత్రాలు నడిపేవాళ్ళూ వాడే రియల్‌టైమ్ ప్యాచ్‌లు (పని అనుకున్న వేళకే జరిగేలా చూసేవి) 2024 చివర్లో కెర్నల్ 6.12 వచ్చేదాకా పూర్తిగా మెయిన్‌లైన్‌లో, అంటే అధికారిక కెర్నల్‌లో, లేవు, అంతవరకు బయటి నుంచి తెచ్చి వేసుకోవాల్సిందే. ఆపరేటింగ్ సిస్టమ్స్ చదువుకునే పిల్లలు సరేసరి. ఇంకో రకం కూడా ఉన్నారు, వాళ్ళ బాధ చిన్నది కానీ రోజూ ఉంటుంది: సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే చాలా డిస్ట్రోల కెర్నల్ తనంతట తానే లాక్‌డౌన్ అనే కట్టడిలోకి వెళ్ళిపోతుంది, హైబర్నేట్ పని చేయదు, అది కావాలనే వీళ్ళు సొంత కెర్నల్ కట్టుకుంటారు. లాక్‌డౌన్ అనేది 2019లో 5.4తో మెయిన్‌లైన్‌లో చేరింది, కానీ సెక్యూర్ బూట్‌కీ దానికీ ముడి వేసింది డిస్ట్రోలు. వాళ్ళకి ఆ ముడి తప్పదు, ఎందుకో చెప్తాను, నేను రాస్తున్నదాంట్లో అసలు విషయం అదే.

మైక్రోసాఫ్ట్ కీతో మొదలయ్యే గొలుసులో ఏ చోట చిల్లు పడినా అది ప్రపంచంలోని అన్ని మెషీన్లకీ చిల్లే, అందుకే డిస్ట్రోలు తమ కెర్నల్‌ని లాక్‌డౌన్‌లో బిగిస్తాయి. 2020లో గ్రబ్‌లో బూట్‌హోల్ అనే లోపం బయటపడినప్పుడు చూశాం కదా. ఎవరో ఎప్పుడో సంతకం చేయించుకున్న పాత గ్రబ్‌ని, దాన్ని ఎన్నడూ వాడని మెషీన్ మీదకి కూడా తెచ్చి పెట్టి సెక్యూర్ బూట్‌ని దాటేయొచ్చు. దాంతో అందరి డీబీఎక్స్‌లోకీ ఆ ఒక్క దెబ్బకే నూటయాభై దాకా ఎంట్రీలు ఎక్కించాల్సి వచ్చింది, 32 కేబీ చోటులో దాదాపు మూడోవంతు దానికే పోయింది. ఇలాగైతే చోటు చాలదని ఎస్‌బ్యాట్ అనే వెర్షన్ నంబర్ల పద్ధతి తెచ్చారు. 2024 ఆగస్టులో ఒక విండోస్ అప్‌డేట్ ఆ ఎస్‌బ్యాట్ నంబర్లని పెంచితే, పక్కనే లినక్స్ పెట్టుకున్నవాళ్ళలో చాలామందికి "సమ్‌థింగ్ హ్యాజ్ గాన్ సీరియస్లీ రాంగ్" అని తెర మీద పడి మెషీన్ ఆగిపోయింది.

ఇప్పుడు నా కీ సంగతి చూడండి. నా కీతో సంతకం చేసిన కెర్నల్‌లో వంద చిల్లులున్నా అది బూట్ అయ్యేది నా మెషీన్ మీద మాత్రమే. ఇంకెవరి డీబీలోనూ నా సర్టిఫికెట్ లేదు. దాని కోసం ఎవరి డీబీఎక్స్‌నీ నింపక్కర్లేదు, ఎవరికీ అప్‌డేట్ పంపక్కర్లేదు, ఏ రివ్యూ కమిటీ ముందూ నెలల తరబడి నిలబడక్కర్లేదు. ఊరందరికీ ఒకే తాళంచెవి ఇచ్చి దాన్ని కాపాడలేక చస్తున్నారు. నాది నాకిస్తే మీకే ఒక బరువు తగ్గుతుంది కదా!

యూజర్‌కి కీ చేర్చే వీలిస్తే దొంగకీ ఇచ్చినట్టే కదా అంటారు, న్యాయమైన ప్రశ్నే. కానీ నడుస్తున్న ఓఎస్ లోంచి సరైన సంతకం లేకుండా డీబీని మార్చనివ్వకూడదని స్పెసిఫికేషనే చెప్తోంది. నేనడిగేది సెటప్‌లో, మెషీన్ ముందు కూర్చుని, సెటప్ పాస్‌వర్డ్ కొట్టి చేసే పని. ఆ పాస్‌వర్డ్ తెలిసినవాడు సెక్యూర్ బూట్‌ని మొత్తానికే ఆపేయగలిగినప్పుడు, కీ చేర్చే మెనూ దాచడం వల్ల ఎవరిని ఆపినట్టు? ఇక నా ప్రైవేట్ కీ దొంగిలిస్తే అంటారా, అది నా బాధ్యత. దాన్ని పాస్‌ఫ్రేజ్ పెట్టి, డిస్క్ మీద కాకుండా విడిగా పెన్‌డ్రైవ్‌లో ఉంచుకుంటున్నాను. డిస్క్ మీద పాస్‌వర్డ్ లేకుండా పెట్టుకునేవాళ్ళూ ఉన్నారు, అది తప్పే, ఒప్పుకుంటాను.

అయినా కీలు దాచుకోవడం గురించి పాఠం చెప్పే హక్కు మీకుందా అని అడగాలనిపిస్తోంది. 2024లో బైనార్లీ అనే సంస్థ పరిశోధకులు బయటపెట్టింది గుర్తుందా, వందల మోడళ్ళలో ప్లాట్‌ఫామ్ కీగా ఒక టెస్ట్ కీ పెట్టి అమ్మేశారని. ఆ సర్టిఫికెట్ పేరులోనే "డూ నాట్ ట్రస్ట్" అని ఉంది. నమ్మొద్దు అని తన పేరులోనే రాసుకున్న కీని నమ్మారు, డబ్బిచ్చి కొనుక్కున్నవాడిని నమ్మలేకపోతున్నారు.

ఇది కుదరని పనేం కాదు. పిక్సెల్ ఫోన్లలో సొంత కీ ఎక్కించి బూట్‌లోడర్‌ని మళ్ళీ లాక్ చేసుకోవచ్చు, ఆన్ చేసినప్పుడల్లా పసుపు హెచ్చరిక ఒకటి కనిపిస్తుంది, ఉండనీండి. యాపిల్ తన ఎం సిరీస్ మ్యాక్‌లలో భద్రత స్థాయిని ఒక్కో ఓఎస్‌కి విడివిడిగా పెట్టింది. ఒకే డిస్క్ మీద మ్యాక్‌ఓఎస్ పూర్తి కట్టుదిట్టంలో ఉంటుంది, పక్కన అసాహీ లినక్స్ తన కెర్నల్ తాను నడుపుకుంటుంది, ఒకదాని కోసం ఇంకోదాన్ని బలహీనం చేయక్కర్లేదు. స్క్రూ విప్పడానికి కూడా సవాలక్ష ఆలోచించే కంపెనీ అది, అదే ఇచ్చింది.

ఇప్పుడు మీరు ఎలాగూ ఈ కీల జోలికి రాక తప్పదు. 2011 నాటి మైక్రోసాఫ్ట్ సర్టిఫికెట్ల గడువు 2026లో తీరిపోతుంది, కేఈకేది, థర్డ్ పార్టీదీ జూన్‌లో, విండోస్ బూట్‌లోడర్‌ది అక్టోబర్‌లో. పాత సంతకాలతో ఉన్నవి ఆ రోజే ఆగిపోవు, కానీ 2023 కీలతో మాత్రమే సంతకం చేసిన కొత్త షిమ్ వచ్చినప్పుడు, ఆ కీలు లేని పాత మెషీన్ దాన్ని తోసిపుచ్చుతుంది. కొత్త కీలు ఎక్కించడానికి మీరు ఫర్మ్‌వేర్ అప్‌డేట్లు రాయాలి, పాత మోడళ్ళకి కూడా. ఎలాగూ ఆ కోడ్ తెరుస్తున్నారు కాబట్టి అడుగుతున్నాను. సెక్యూర్ బూట్ పేజీలో డీబీ పక్కన "ఫైల్ నుంచి సర్టిఫికెట్ చేర్చు" అని ఒక లైన్ పెట్టండి, ఉన్న కీలని ముట్టుకోకుండా. యూఎస్‌బీలోని ఫ్యాట్ పార్టిషన్ నుంచి మామూలు డీఈఆర్ (సర్టిఫికెట్ ఫార్మాట్) ఫైల్ చదివితే చాలు. చేర్చే ముందు సర్టిఫికెట్ పేరు, దాన్ని గుర్తుపట్టే ఫింగర్‌ప్రింట్ కోడ్ చూపించండి. తర్వాత అదే జాబితాలో దాన్ని ఒక్కదాన్నే తీసేసే వీలివ్వండి. "అన్నీ చెరిపేయి" పక్కన, మీ గ్రాఫిక్స్ కార్డు ఆగిపోవచ్చు అని ఒక వాక్యం రాయండి. ఆ పేజీకి అన్ని కంపెనీలూ ఒకే పేరు పెడితే ఇంకా మంచిది, కానీ అది అత్యాశ అని తెలుసు.

నా ల్యాప్‌టాప్‌కి వచ్చే ఫర్మ్‌వేర్ అప్‌డేట్ వేసుకుని ఆ పేజీ తెరిచి చూస్తాను. టచ్‌ప్యాడ్ ప్యాచ్ కూడా అప్పటికి డిస్ట్రోలోకి రాకపోతే, మొదటి సర్టిఫికెట్ నాదే ఎక్కిస్తాను.

ఇట్లు,
సెక్యూర్ బూట్ ఆన్‌లోనే ఉంచుకుని సొంత కెర్నల్ నడుపుకుంటున్న ఒక యూజర్